ఆరుగురం, సముద్రం పక్క రోడ్డు, తర్వాత కొండలు... ఏ బండి తీసుకుంటే బాగుంటుంది?

ఆరుగురి_ప్రయాణం:

అందరికీ నమస్కారం. ఫ్యామిలీ అంతా కలిసి ఒక రోడ్ ట్రిప్ వేద్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (బాబుకి 10, పాపకి 6), అమ్మ, నాన్న. ఎక్కడికో త్వరగా చేరాలని కాదు, దారి పొడుగునా చూసుకుంటూ వెళ్ళడమే మా ప్లాన్. ముందు సముద్రం పక్కనే పోయే రోడ్డు, ఆ తర్వాత కొండలెక్కి దాదాపు 2,500 మీటర్ల ఎత్తున్న కనుమ దాటి అవతల వైపుకి దిగాలి, ఆఖర్లో ఒక సరస్సు దాకా కొంత దూరం కంకర రోడ్డు. మా సొంత బండిలో ఆరుగురు పట్టం కాబట్టి అద్దెకి తీసుకుంటాం, డ్రైవింగ్ నేనూ మా ఆవిడా మార్చుకుంటాం.

ఇక్కడే తల తిరిగిపోతోంది. ఫ్రెండ్స్‌లో ఒకడు పెద్ద ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే) ఎస్‌యూవీ లేకపోతే కొండల్లోకి పోనే పోవద్దంటాడు, ఇంకొకడు క్యాంపర్ వ్యాన్ తీసుకో అందులోనే పడుకోవచ్చు అంటాడు, మా బావమరిది ఎలక్ట్రిక్ అంటాడు, పిల్లలకేమో పైన అద్దం ఉండే బండి కావాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎత్తు ఎక్కలేదు. పాపకి మలుపుల్లో కడుపులో తిప్పుతుంది. ఇలాంటి దారుల్లో బండి నడిపినవాళ్ళు అసలు ఏం చూసి ఎంచుకోవాలో చెప్పండి ప్లీజ్.

కిటికీ_సీటు:

అన్నా, మీరు అడిగినదాంట్లోనే సమాధానం ఉంది, దారి చూడ్డానికి వెళ్తున్నాం అన్నారు కదా. అంటే స్టీరింగ్ దగ్గర కూర్చునేవాళ్ళ సంగతి తర్వాత, వెనక కూర్చునే నలుగురికి ఏం కనిపిస్తుందో ముందు చూడాలి. బండి ఎంచుకునేటప్పుడు అందరూ ఇంజిన్ చూస్తారు, బూట్ చూస్తారు, మూడో వరసలో కూర్చుని బయటికి చూసేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఈ మధ్య వచ్చే ఎస్‌యూవీల్లో చాలావాటికి కిటికీ కింది అంచు ముందు నుంచి వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తుంది, చూడ్డానికి స్టైల్‌గా ఉంటుంది కానీ మూడో వరసకి వచ్చేసరికి అద్దం అరచేతంత మిగులుతుంది, పైగా దాని ముందు పైకప్పుని మోసే లావుపాటి పిల్లర్. ఆరేళ్ళ పాప అక్కడ కూర్చుంటే కళ్ళకి ఎదురుగా ప్లాస్టిక్ ప్యానెల్ తప్ప ఏమీ కనపడదు, సముద్రం పక్కనుంచే పోతున్నా నీళ్ళు కనపడవు. మూడో వరస వెనక చక్రాల మీదో ఇంకా వెనకో ఉంటుంది కాబట్టి మలుపుల్లో ఊగిసలాట కూడా అక్కడే ఎక్కువ. బయట ఏమీ కనపడకపోవడం, ఒళ్ళు మాత్రం ఊగుతుండటం, ఈ రెండూ కలిస్తేనే కడుపులో తిప్పేది. అందుకని పాపని ఎట్టి పరిస్థితుల్లోనూ రెండో వరసలోనే కూర్చోబెట్టండి, ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు కనపడేలా, చేతిలో ఫోన్ లేకుండా.

నా ఓటు మాత్రం స్లైడింగ్ డోర్లు ఉండే ఫ్యామిలీ వ్యాన్‌కి. వ్యాన్ అనగానే చాలామంది మొహం చిట్లిస్తారు గానీ ఇలాంటి ట్రిప్‌కి దాన్ని మించింది లేదు. నేల కిందకి ఉంటుంది కాబట్టి అమ్మగారు కాలు ఎక్కువ ఎత్తక్కర్లేదు, అద్దాలు పెద్దవి, మూడు వరసల్లోనూ సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళు గడ్డం దగ్గరికి రావు. కొండ రోడ్డు పక్కన ఇరుకుగా ఉండే వ్యూ పాయింట్ దగ్గర ఆపినప్పుడు మామూలు డోర్ అయితే పిల్లలు ఒక్కసారి తోస్తే పక్కన పోయే బండికి తగులుతుంది, స్లైడింగ్ డోర్‌కి ఆ భయం ఉండదు.

పైన అద్దం గురించి కూడా చెప్తాను. పనోరమిక్ సన్‌రూఫ్ అడవిలో చెట్ల కింద, నిటారుగా లేచిన కొండల మధ్య నిజంగా బాగుంటుంది, సముద్రం పక్కన ఎండలో పొద్దస్తమానం మూసే ఉంచుతారు. అది ఉన్న బండిలో తల మీద జాగా కొంచెం తగ్గుతుంది, నాన్నగారు పొడుగైతే కూర్చుని చూడండి. ఉంటే మంచిదే, కానీ దాని కోసం పక్క కిటికీలు చిన్నగా ఉన్న బండి తీసుకోవద్దు.

గేర్_బాక్స్:

కిటికీల సంగతి అక్క బాగా చెప్పింది, నేను కింది సంగతి చెప్తా. బ్రో, మీరు ఎక్కడం గురించి భయపడుతున్నారు, భయపడాల్సింది దిగడం గురించి.

ఎక్కేటప్పుడు మహా అయితే బండి నెమ్మదిగా పోతది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) లేని పెట్రోల్ ఇంజిన్ ప్రతి 1,000 మీటర్లకి సుమారు 10 శాతం బలం కోల్పోతది, గాలి పల్చబడతది కాబట్టి. 2,500 మీటర్ల దగ్గరికొచ్చేసరికి ఐదో వంతు పైనే పోయినట్టు. ఆరుగురు, సామాను, ఏసీ... చిన్న ఇంజిన్ అయితే ఓవర్‌టేక్ మాట మర్చిపోవచ్చు. టర్బో ఉంటే ఆ లోటు చాలా వరకు పూడుతది, డీజిల్ బండ్లకి దాదాపు అన్నింటికీ టర్బో ఉంటది, ఇప్పుడు పెట్రోల్‌లో కూడా చాలా వాటికి ఉంటోంది. అద్దెకి తీసుకునేటప్పుడు ఈ ఒక్క ముక్క అడగండి, టర్బో ఉందా లేదా.

ఇక దిగడం. మనుషులు సామానుతో కలిపి 2,500 కేజీలున్న బండి 1,000 మీటర్లు కిందకి దిగిందనుకోండి, ఆ దిగడంలో పుట్టే శక్తి దాదాపు 6.8 యూనిట్ల కరెంటుతో సమానం, 2 కిలోవాట్ల హీటర్‌ని మూడు గంటలకి పైగా వెలిగించినంత. గాలి తోసేదీ టైర్లు తినేదీ పోగా మిగిలింది ఎక్కడికో పోవాలి కదా, కాలు బ్రేక్ మీదే పెట్టుకుని దిగితే ఆ వేడంతా నాలుగు డిస్కుల్లోకే పోతది. ముందు ఒక రకమైన మాడు వాసన వస్తది, తర్వాత పెడల్ ఎంత తొక్కినా పట్టు తగ్గుతది, ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ లోపల మరిగి బుడగలు కడతది, అప్పుడు పెడల్ మెత్తగా కిందకి వెళ్ళిపోతది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని రూల్, కానీ ఆ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తది, తేమ పట్టాక ఆ లెక్క 155కి పడిపోతది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. అందుకే ఎక్కువ రోజులు ఆయిల్ మార్చని బండి ఊర్లో బానే ఉంటది, పొడుగాటి దిగుడులోనే బయటపడతది.

కాబట్టి ఎలాంటి బండైనా సరే, ఇంజిన్ బ్రేకింగ్, అంటే తక్కువ గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచడం, మీ చేతిలో ఉండాలి. మాన్యువల్ గేరు అయితే ఏ గొడవా లేదు, రెండో గేరో మూడో గేరో వేసి దిగండి. ఆటోమేటిక్ అయితే గేర్ మనమే తగ్గించుకునే మాన్యువల్ మోడ్ గానీ ఎల్ (తక్కువ గేరు) గానీ ఉందో లేదో బండి తీసుకునే ముందే లీవర్ చూడండి, హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటర్ కూడా ఉండేది) అయితే దానికి బదులు బి అని ఉంటది. ఆటోమేటిక్ వద్దనట్లేదు, ఇద్దరు మార్చుకుని నడుపుతారు, ట్రాఫిక్‌లో ఎత్తు మీద ఆపి కదిలించాల్సొస్తే హాయిగా ఉంటది. ఒక్కటే, లోపల రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ రకం ఆటోమేటిక్ అయితే ఎత్తు మీద బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే నిలబెట్టొద్దు, క్లచ్ కాలిపోతది.

ఇంకొకటి, బరువు. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద గానీ ఆ దగ్గర్లో గానీ ఒక స్టిక్కరో ప్లేటో ఉంటది, బండి మోయగలిగే బరువూ టైర్లలో ఎంత గాలి కొట్టాలో రాసి ఉంటది, ఖాళీ బండికి ఒక లెక్క, నిండు బండికి ఇంకో లెక్క. మీ ఆరుగురూ కలిసి ఒక 330 కేజీలు అనుకుందాం, తలా 15 కేజీల సామాను వేసుకున్నా ఇంకో 90, అంటే 420 అయిపోయింది. ఏడు సీట్లున్నాయి కదా అని ఏడుగురూ ఏడు పెట్టెలూ మోస్తదని కాదు, కాగితం మీద చూసుకోండి. గాలి కూడా పొద్దున్నే బండి కదలక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

సంచారి:

క్యాంపర్ వ్యాన్ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నానండీ, నాకు క్యాంపర్ అంటే ప్రాణం, పొద్దున లేచి డోర్ తీయగానే ఎదురుగా కొండ ఉంటే ఆ ఆనందమే వేరు. అయినా మీ ట్రిప్‌కి వద్దనే అంటాను.

ఆరుగురు పడుకోవచ్చు అని రాసిన దాంట్లో ఆరు సీటు బెల్టులు ఉంటాయని నమ్మకం లేదు, నాలుగే ఉన్నవి బోలెడు. పడుకోవడం వేరు, కదులుతున్న బండిలో కూర్చోవడం వేరు, ఇది బుక్ చేసే ముందే అడగాలి. రెండోది సైజు. అందమైన కొండ రోడ్లలో చాలావాటికి పొడవు, వెడల్పు పరిమితులుంటాయి. అమెరికాలో గ్లేషియర్ నేషనల్ పార్క్‌లో గోయింగ్ టు ది సన్ రోడ్ అని ఉంది, చాలా పేరున్న దారి, అందులో కొండ భాగంలోకి 21 అడుగుల కంటే పొడుగు, అద్దాలతో కలిపి 8 అడుగుల కంటే వెడల్పు ఉన్న బండ్లని రానివ్వరు. ఆరుగురు పట్టే క్యాంపర్ ఈజీగా ఆ పొడవు దాటిపోతుంది. నార్వేలో ట్రోల్‌స్టిగెన్‌కి కూడా పొడవు లిమిట్ ఉంది, అది మరీ పెద్ద బస్సులకి సంబంధించింది అనుకోండి, కానీ ఎదురుగా బస్సు వచ్చినప్పుడు హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగిపోయే ఇరుకు మలుపు) దగ్గర 7 మీటర్ల బండితో వెనక్కి రావడం అందరి వల్లా కాదు. మీరు వెళ్ళే కనుమకి అలాంటి రూల్ ఏమైనా ఉందేమో, ఏ నెలల్లో తెరిచి ఉంటుందో ముందు చూసుకోండి, బండి సంగతి ఆ తర్వాతే.

ఇంకా వెనక సోఫాల్లాంటి సీట్లు కొన్ని పక్కకి తిరిగి ఉంటాయి, కడుపులో తిప్పే పిల్లలకి అంతకన్నా శిక్ష లేదు.

మలుపుల_రాణి:

అందరూ ఒకే పెద్ద బండి అంటున్నారు, నేను కొంచెం ఎదురు చెప్తాను. రెండు చిన్న బండ్లు ఎందుకు కాకూడదు? మీ ఇద్దరికీ డ్రైవింగ్ వచ్చు కదా. ఇటలీలో స్టెల్వియో కనుమ ఉంది, 2,757 మీటర్ల ఎత్తు, ఒక్క ఉత్తరం వైపే 48 హెయిర్‌పిన్ మలుపులు. అలాంటి దారిలో చిన్న హ్యాచ్‌బ్యాక్ ఇచ్చే సుఖం ఏ పెద్ద బండీ ఇవ్వదు, మలుపులో ఒక్కసారి తిప్పితే తిరిగిపోతుంది, ఎదురుగా ఎవరొచ్చినా పక్కకి జరగడానికి జాగా ఉంటుంది, ఎక్కడ చిన్న ఖాళీ కనపడినా ఆపుకోవచ్చు. అందరికీ కిటికీ సీటే. నానమ్మకి ముందు సీటు, పాపకి వెనక మధ్యలోంచి కూడా రోడ్డు కనపడుతుంది.

పెద్ద బండ్లలో నాకు అస్సలు నచ్చనిది ముందు పిల్లర్. అద్దానికి పక్కన ఏటవాలుగా ఉండే ఆ లావు పిల్లర్ వెనకాల హెయిర్‌పిన్‌లో ఎదురొచ్చే కారు మొత్తం దాక్కుంటుంది, బైక్ అయితే చెప్పనక్కర్లేదు. మలుపు తిరిగేటప్పుడు చూడాల్సింది ముందు అద్దంలోంచి కాదు పక్క కిటికీలోంచి, అందుకని డ్రైవర్ సీట్లో కూర్చుని తల కొంచెం ముందుకీ వెనక్కీ జరిపి ఆ పిల్లర్ వెనక ఎంత మూసుకుపోతోందో చూసుకోండి, మీ ఆవిడ కూడా కూర్చుని చూడాలి, ఇద్దరి ఎత్తూ ఒకటి కాదు కదా.

గేర్_బాక్స్:

రాణిగారూ, బండి విషయంలో మీ మాటతో వాదించను, మలుపుల్లో చిన్న బండే రాజు. కానీ ఇద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెరొక బండి నడిపితే ఇద్దరూ అలసిపోతారు, మార్చుకోవడానికి మనిషి ఉండడు. కొండ రోడ్డులో అలసట ఎంత చెడ్డదో మీకు చెప్పక్కర్లేదు. పైగా ఇలాంటి ట్రిప్‌లో అందరూ కలిసి "అదిగో చూడు" అనుకోవడంలోనే ఉంది సగం ఆనందం.

మలుపుల_రాణి:

ఆ అలసట మాట నిజమే అన్నా, అది ఒప్పుకుంటాను. నాన్నగారు కూడా నడుపుతారంటే మాత్రం నా ఓటు రెండు బండ్లకే.

కరెంటు_బండి:

ఎలక్ట్రిక్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను, కొండల్లో ఈవీ నడపడం నాకు చాలా ఇష్టం. చప్పుడుండదు, కిటికీ దించితే గాలి, పక్షులు, నీళ్ళ చప్పుడు అన్నీ వినపడతాయి. ఎత్తుకి వెళ్ళినా బలం తగ్గదు, మోటర్‌కి గాలితో పనిలేదు కాబట్టి. గేర్‌బాక్స్ అన్న చెప్పిన ఆ 6.8 యూనిట్ల లెక్క ఇక్కడ రెండు వైపులా పనికొస్తుంది. ఎక్కేటప్పుడు ప్రతి 1,000 మీటర్లకి మామూలు ఖర్చు కాకుండా అంత అదనంగా పోతుంది, 100 కి.మీ.కి 18 నుంచి 20 యూనిట్లు తాగే బండి అనుకుంటే సదును రోడ్డు మీద 35 కి.మీ. తగ్గినట్టు. దిగేటప్పుడు అందులో చాలా భాగం రీజెన్ (మోటరే బండిని ఆపుతూ కరెంటు తయారుచేయడం) వల్ల బ్యాటరీలోకి తిరిగొస్తుంది, మొత్తం రాదు. బ్రేకులు చల్లగా ఉంటాయి.

దీంట్లో ఒక కిటుకుంది. రాత్రి కొండ మీద ఆగి 100 శాతం ఛార్జ్ చేసుకుని పొద్దున దిగడం మొదలుపెడితే రీజెన్ సరిగ్గా పనిచేయదు, నిండిన బ్యాటరీలో పెట్టడానికి చోటు లేదు కాబట్టి, అప్పుడు మళ్ళీ మామూలు బ్రేకుల మీదే ఆధారం. పైన ఆగితే 80 శాతం దగ్గర ఆపేయండి. చలిలో రేంజ్ ఇంకా తగ్గుతుంది, హీటర్ కూడా బ్యాటరీ మీదే కదా.

అయితే ఆరుగురు సౌకర్యంగా పట్టే ఈవీ అద్దెకి దొరకాలి, సరస్సు వైపు ఛార్జర్ ఉండాలి, అది పనిచేస్తుండాలి. మీ దారిలో కనుమకి ఇవతల ఒకటి, అవతల ఒకటి ఖచ్చితంగా ఉన్నాయని తెలిస్తే వెళ్ళండి, లేకపోతే చూపు కిటికీలోంచి కాకుండా శాతం మీదే ఉంటుంది, అది నాకే ఇష్టం లేదు.

ఆరుగురి_ప్రయాణం:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్, మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. నాన్న ఇప్పుడు పెద్దగా నడపట్లేదు, కాబట్టి రెండు బండ్లు కుదరదు. అమ్మకి స్లైడింగ్ డోర్ మాట బాగా నచ్చింది. కాబట్టి వ్యాన్ వైపే మొగ్గుతున్నాం. రెండు డౌట్లు మిగిలాయి. వ్యాన్‌కి ఫోర్ బై ఫోర్ లేదు, కంకర రోడ్డు సంగతేంటి? మూడో వరస వేస్తే బూట్‌లో ఏమీ పట్టేలా లేదు, పైన క్యారియర్ బాక్స్ పెట్టుకోవచ్చా?

సంచారి:

కంకర రోడ్డు అంటే ఎలాంటిదో కనుక్కోండి ముందు. చదును చేసిన కంకర అయితే ఎండలో ఏ బండైనా నెమ్మదిగా పోతుంది. చూసుకోవాల్సింది గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ, అది కూడా నిండు బండికి, ఆరుగురు ఎక్కితే వెనక భాగం బాగా కిందకి దిగుతుంది, కాగితం మీద రాసింది ఖాళీ బండిది. వాగులు దాటాలి, బురద ఉంటుంది అంటే అప్పుడు ఫోర్ బై ఫోర్ మాట. ఐస్‌లాండ్‌లో ఎఫ్ రోడ్లని ఉన్నాయి, వాటిమీదకి ఫోర్ బై ఫోర్ లేకుండా వెళ్ళనే కూడదు, అక్కడ కొన్ని చోట్ల వంతెనలు ఉండవు, వాగులోంచే దాటాలి. అది వేరే లోకం. ఫోర్ బై ఫోర్ కదలడానికి సాయం చేస్తుంది గానీ ఆగడానికి చేయదండీ, ఆపేది టైర్లే, అది ఎంత పెద్ద బండైనా.

దానికన్నా ముఖ్యం అద్దె కాగితం. మట్టి రోడ్డు మీదకి తీసుకెళ్తే ఇన్సూరెన్స్ చెల్లదని చాలావాటిలో ఉంటుంది, చెల్లినా టైర్లు, అద్దాలు, బండి కింది భాగం దాంట్లోకి రావని ఇంకో లైన్ ఉంటుంది. కంకర రాయి తగిలేది సరిగ్గా ఆ మూడింటికే. సరస్సు రోడ్డు పేరు చెప్పి అడగండి, జవాబు రాతలో తీసుకోండి. మీ ఆవిడ పేరు రెండో డ్రైవర్‌గా రాయించడం మర్చిపోవద్దు.

గేర్_బాక్స్:

బాక్స్ పెట్టుకోవచ్చు బ్రో, కానీ పైకప్పు మీద కదులుతూ మోయగలిగే బరువుకి లిమిట్ ఉంటది, మాన్యువల్లో రాసి ఉంటది, చాలా బండ్లకి 75 నుంచి 100 కేజీల లోపే. అందులో బాక్స్ బరువు, దాని కింది కమ్మీల బరువు కూడా కలిపే. దుప్పట్లు, జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు లాంటి తేలికవి పైన, బరువువి కింద రెండో వరస వెనకాలకి ఆనించి పెట్టండి. పైన బరువు ఎక్కువైతే మలుపుల్లో బండి పక్కకి వాలడం మీకే తెలుస్తది. పెట్టెలు మాని మెత్తటి సంచులు తీసుకెళ్ళండి, మూడో వరసలో ఆరో మనిషి పక్క సీటు మడిచేస్తే ఆ జాగాలో సగం సామాను పడతది.

బండి చేతికిచ్చేటప్పుడు స్టెప్నీ ఉందో లేదో తెరిచి చూడండి. ఇప్పుడు చాలా బండ్లలో స్టెప్నీ తీసేసి పంక్చర్ కిట్ పెడుతున్నారు, అది మేకు గుచ్చుకుంటే పనికొస్తది గానీ కంకర రాయికి టైర్ పక్క గోడ చీలితే పనికిరాదు. టైర్ మీద నాలుగంకెలు ఉంటయి, 3522 అని ఉంటే 2022లో 35వ వారంలో తయారైందని. మరీ పాతవైతే మార్చమనండి, మొహమాటపడొద్దు.

ఆరుగురి_ప్రయాణం:

సూపర్ అన్నా. సీట్లు ఇలా అనుకుంటున్నాం: ముందు నేనూ మా ఆవిడా, రెండో వరసలో అమ్మా పాపా, మూడో వరసలో నాన్నా బాబూ, బాబు పక్కన సీటు మడిచి సంచులు. పాప సీటు బిగించడానికి ఎక్కడైనా కుదురుతుంది కదా?

కిటికీ_సీటు:

పాప సీటు రెండో వరసలోనే అన్నా, చాలా బండ్లలో చైల్డ్ సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు రెండో వరసకే ఉంటాయి, మూడో వరసలో ఉండవు. బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు మీ చైల్డ్ సీటు తీసుకెళ్ళి బిగించి, అది ఉండగానే నాన్నగార్ని మూడో వరసలోకి ఎక్కి చూడమనండి. రెండో వరస సీటు ముందుకి మడిస్తేనే వెనక్కి దారి ఉండే బండి అయితే, చైల్డ్ సీటు బిగించాక అటువైపు దారి మూసుకుపోతుంది, అప్పుడు అమ్మగారు దిగితే గానీ నాన్నగారు దిగలేరు. రెండో వరసలో మధ్య సందు ఉండి రెండు విడి సీట్లు ఉండే రకం దొరికితే అదే తీసుకోండి, నాన్నగారు ఎవర్నీ లేపకుండా లోపలికి నడిచి వెళ్ళిపోతారు.

సముద్రం రోడ్డు రోజు మాత్రం పాప సీటు నీళ్ళ వైపు బిగించండి, కొండ రోజు మార్చుకోవచ్చు. వీలైతే వెళ్ళే దిశ కూడా చూసుకోండి, కాలిఫోర్నియా తీరం రోడ్డులో ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తే సముద్రం మన లేన్ పక్కనే ఉంటుంది, ఎక్కడ ఆపాలన్నా అవతల లేన్ దాటక్కర్లేదు. మీ రోడ్డులో ఏ దిశ అలా పడుతుందో మ్యాప్‌లో ఇప్పుడే చూసేయండి, బుకింగ్ ఇంకా అవలేదు కదా.

ఆరుగురి_ప్రయాణం:

చూశాను అక్కా, మేం అనుకున్న దానికి అటు నుంచి మొదలుపెడితే నీళ్ళు మా వైపే వస్తున్నాయి, కనుమ కూడా ఏటవాలు తక్కువున్న వైపు దిగుతాం. తిరగేసేశాం. శనివారం అందరం వెళ్ళి వ్యాన్‌లో కూర్చుని చూస్తాం, చైల్డ్ సీటు తీసుకెళ్తున్నాం.